శవంపై కమిలిన మచ్చలన్నీ దెబ్బలు కావు

రాప్తాడు: చెనక్కాయ చేనులో ఒక మనిషి చనిపోయి వెల్లకిలా పడి ఉంటాడు. శవాన్ని పక్కకు తిప్పితే వీపంతా ఊదారంగుకు మారి కనిపిస్తుంది. ‘ఎవరో కొట్టి చంపినారు’ అంటారు చూసినవారు. పాత తగాదాలున్న పల్లెల్లో ఆ ఒక్క మాట చాలు, ఊరు రెండుగా చీలడానికి.

నిజానికి గుండె ఆగాక రక్తం నీటి మాదిరి పల్లానికి దిగుతుంది. వీపు ఊదారంగుకు మారేది అందుకే. నేలకు గట్టిగా ఆనిన చోట మాత్రం చర్మం పాలిపోయి ఉంటుంది. సుమారు 6 నుంచి 12 గంటల్లో ఈ మచ్చలు స్థిరపడతాయి. బోర్లా ఉన్న శవానికి వీపున మచ్చలుంటే, తర్వాత ఎవరో కదిలించారని అర్థం. అనుమానం వస్తే వైద్యుడు అక్కడ కోసి చూస్తాడు. నీటితో కడిగితే పోయేది దిగిన రక్తం. కండలో ఇంకి, కడిగినా పోనిది దెబ్బ.

ఎండతో మారే లెక్కలు

శవం బిగుసుకోవడం కనురెప్పలు, దవడలతో మొదలై కాళ్లకు దిగుతుంది. ఒళ్లంతా బిగియడానికి సుమారు 12 గంటలు పడుతుంది. ఎండాకాలంలో ఇది త్వరగా వచ్చి త్వరగా పోతుంది. పగలు 40 డిగ్రీలు దాటే ఈ మెట్టప్రాంతంలో, 37 డిగ్రీల శరీరం ఎంత చల్లబడిందో చూసి చావు వేళ చెప్పడం కుదరదు. చలిదేశాల లెక్క ఇక్కడ పనికిరాదు. వేసవిలో ఒక రోజు లోపే పొట్ట కుడివైపు కింది భాగం పచ్చబడుతుంది. కడుపు ఉబ్బి నోటి నుంచి, ముక్కు నుంచి ఎర్రని నీరు కారుతుంది. దీన్ని చూసి విషం పెట్టారని అనుకునేవారున్నారు. చీమలు కొరికిన గుర్తులు కూడా గాయాల్లాగే కనిపిస్తాయి. ఇన్ని తేడాలున్నందునే వైద్యుడు ఫలానా గంటకు చనిపోయాడని చెప్పడు. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు అని మాత్రమే చెబుతాడు.

పెద్దమనుషుల బాధ్యత

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను ప్రకారం, అనుమానాస్పద మరణాల్లో పోలీసులు స్థానికులైన ఇద్దరు లేదా అంతకు మించి పెద్దమనుషుల ఎదుట శవ పంచనామా జరపాలి. అంతవరకు శవాన్ని కడగరాదు, జరపరాదు, బట్టలు మార్చరాదు. విషమని అనుమానముంటే కడుపు, కాలేయం, మూత్రపిండాల భాగాలను ప్రయోగశాలకు పంపుతారు. తొందరపడి దహనం చేస్తే ఈ ఆధారాలన్నీ బూడిదవుతాయి. పాముకాటుకో, కరెంటు షాకుకో చనిపోయిన రైతు కుటుంబం కూడా పరిహారం అడగడానికి కాగితం లేక చిక్కుల్లో పడుతుంది.

పంచనామాలో సంతకం పెట్టేవారు చూసింది చూసినట్లు రాయిస్తే చాలు. అది దెబ్బా, దిగిన రక్తమా అన్నది వైద్యుడు తేలుస్తాడు.