నచ్చనివారిని నమ్మరాదా?

అపరాధ పరిశోధక నవలల మాట వచ్చినప్పుడు మన యిండ్లలో రెండభిప్రాయములు వినబడుచుండును. ప్రొద్దు పుచ్చుటకు మంచివని కొందరును, మనస్సును చెరచునని కొందరును అందురు. నేటి నవలలపై మూడవ యాక్షేపణ యొకటి బయలుదేరినది. వీనిలో ప్రధానపాత్రయే అబద్ధములాడును, త్రాగును, ఒక్కొక్కప్పుడు హత్యయు చేయును. మన గుమ్మము త్రొక్కనీయని వారితో మూడువందల పుటలు గడుపుటెందులకని సోదరీమణులు అడుగుచున్నారు. ప్రశ్న సమంజసమైనదే. అయినను ఇట్టి పుస్తకములు మనకొక ముఖ్యమైన పాఠము చెప్పుచున్నవని మా యభిప్రాయము.

మునుపు ఈ కథల మర్యాద వేరు. 1929లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల రచయిత, కాథలిక్కు మతాచార్యుడు, ఇట్టి కథలకు పది నియమములు వ్రాసెను. నేరస్థుడు కథారంభముననే కనబడవలెను గాని, వాని యంతరంగము చదువరికి తెలియనీయరాదని మొదటి నియమము. పరిశోధకుడు తానే నేరము చేయరాదని మరియొకటి. అనగా చదువరి ఎల్లప్పుడును ధర్మపక్షమున వీధిలో నిలిచి, దోషి యింటి మూసిన తలుపు వంక చూచుచుండవలెనన్నమాట.

రెండేండ్లకే ఆ తలుపు తెరువబడినది. ఫ్రాన్సిస్ ఐల్స్ అను మారుపేరుతో ఆంథొనీ బర్క్‌లీ కాక్స్ 1931లో ప్రకటించిన ‘మాలిస్ అఫోర్‌థాట్’ నవలలో, ఒక వైద్యుడు భార్యను చంప నిశ్చయించుకొనిన సంగతి మొదటి వాక్యముననే తెలియును. ఎవరు చేసిరను ప్రశ్న పోయి, మనుష్యుడు తన మనస్సునకు ఏమి చెప్పుకొని యిట్టి పనికి దిగుననునదియే కథయైనది.

1955లో అమెరికా రచయిత్రి పెట్రీషియా హైస్మిత్ ఇంకను ముందుకు పోయెను. ఆమె ‘ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ నవలలో, ఇటలీయందు విలాసముగా కాలము గడుపుచున్న తన కుమారుని ఇంటికి మరలించుమని ఒక ధనికుడు టామ్ రిప్లీని పంపును. రిప్లీ ఆ యువకుని పడవలో చంపి, వాని దుస్తులు ధరించి, వాని సంతకము పెట్టి, వాని పేరుతో జీవించును. వింత యేమనగా, పోలీసులు వచ్చినప్పుడెల్ల చదువరి గుండె రిప్లీ కొరకే కొట్టుకొనును. చచ్చినవానిని మరచిపోదుము. 1991 వరకు హైస్మిత్ ఈతనిపై ఐదు నవలలు వ్రాసెను. ఒక్కదానియందును ఈతడు చట్టమునకు చిక్కలేదు.

ఇది విదేశపు వింతగా తోచవచ్చును గాని మన కావ్యములలో లేనిది కాదు. 16వ శతాబ్దమునందలి తెనాలి రామకృష్ణుని ‘పాండురంగమాహాత్మ్యము’లో నిగమశర్మ కథ కలదు. చదువుకొనియు చెడిన తమ్ముని బాగుచేయవలెనని అక్క వచ్చి, బుజ్జగించి బుద్ధి చెప్పును. అతడు మారినట్లే నటించి, ఒక రాత్రి యింటిలోని నగలు మూటగట్టుకొని పోవును. అక్క ముక్కరయు అందే పోయినది. మనము నిగమశర్మ గడుసుదనమునకు నవ్వుకొందుము. సొమ్ము పోగొట్టుకొని యేడ్చిన అక్కకు కవి పేరైన పెట్టలేదు.

ఇక మారుప్రక్క చూతము. పౌలా హాకిన్స్ వ్రాసిన ‘ది గర్ల్ ఆన్ ది ట్రైన్’ 2015లో వెలువడినది. అదే పేరుతో 2021లో హిందీ చలనచిత్రముగా కూడ వచ్చినది. నవలలోని నాయిక రేచల్‌ను ప్రేమించుట కష్టము. ఆమె త్రాగుబోతు. విడిపోయిన భర్తకు వేళగాని వేళ టెలిఫోను చేయుచుండును. ఉద్యోగము పోయినను, తనకు గది యిచ్చిన స్నేహితురాలికి తెలియకుండుటకై ప్రతి యుదయము రైలెక్కి లండనుకు పోవుచుండును. రైలు కిటికీనుండి తాను నిత్యము చూచుచుండిన యువతి మాయమైన రాత్రి, రేచల్ ఆ ప్రాంతముననే యుండెను. ఏమి జరిగినదో ఆమెకు జ్ఞాపకము లేదు. పోలీసులు ఆమె మాట లెక్కచేయరు. మనమును లెక్కచేయము. ఆమెయే తన్ను నమ్మదు. కడపట తేలునదేమనగా, మత్తులో తాను చేసితినని ఆమె యెంతోకాలము సిగ్గుపడిన పనులలో కొన్ని ఆమె చేయనేలేదు. చేసినట్లు ఆమెను నమ్మించిరి. నమ్మించినదెవరో చెప్పి, చదువబోవువారి యుత్సాహమును చెరుపము.

ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకదానియందు హంతకుడు తప్పించుకొనిన బాగుండునని కోరితిమి. రెండవదానియందు మోసపోయినదానినే అనుమానించితిమి. ప్రీతి యొక త్రాసు, న్యాయము మరియొక త్రాసు అని యెరిగియు, చదువునప్పుడు మొదటిదానితోనే తూచితిమి.

సంసారములలో మనము చేయుచున్నది ఇంతకంటె భిన్నమా? వెండిగిన్నె కనబడనిచో మొదట పనిమనిషి మొగము చూతుము. నవ్వుచు పలుకరించు బంధువును అనుమానించుట మహాపాపమనుకొందుము. గయ్యాళియని పేరుపడిన కోడలు తన్ను మగడు కొట్టెనని చెప్పినచో, “దాని నోరు మంచిది కాదమ్మా” అని ఊరకుందుము. నోరు మంచిది కాకపోవుట వేరు, ఒంటిమీది దెబ్బ వేరు. మొదటిది నిజమైనంతమాత్రమున రెండవది అబద్ధము కాదు. ఏడ్చుచు వచ్చినది మనకు ఇష్టురాలైనచో ఇదే మాట వెంటనే నమ్మియుందుము గదా!

ఇట్టి నవలలన్నియు మంచివని మేము చెప్పుటలేదు. క్రౌర్యమును వేడుకగా చూపి సొమ్ము చేసికొనునవియు కలవు, పిల్లల చేతికి ఈయరానివియు కలవు. మంచిచెడ్డలు తెలిసికొనుటకు మేమొక చిన్న పరీక్ష పెట్టుకొంటిమి. పుస్తకము మూసిన పిదప, చంపబడినవారి పేరు మనకు జ్ఞాపకమున్నదా? వారి కొరకు దుఃఖించినవారు కథలో నెవరైన కలరా? ఉన్నచో ఆ రచన చదువదగినది. లేనిచో అది మనలను కూడ ఆ నేరములో భాగస్థులను చేసినదని తెలిసికొని పక్కన పెట్టుట మేలు.

నచ్చని పాత్రను ప్రేమింపుడని ఏ రచయితయు మనలను నిర్బంధింపడు. ఆమె చెప్పునది చివరివరకు వినుడని మాత్రమే కోరును. పుస్తకములోని రేచల్‌కు ఆ మాత్రము ఓపిక చూపగలిగినవారు, రేపు తమ గడపలో నిలిచిన యాడుకూతురిని కూర్చుండబెట్టి, ఆమె మాట ముగియువరకు వినగలరని మా నమ్మకము.