ఖాజాగూడ గుట్ట, గచ్చిబౌలి కంచ

హైటెక్ సిటీ అనగానే 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ స్ఫురించును. దానికి దక్షిణమున కొద్ది మైళ్లలోనున్న రాతిగుట్టను మనము తలచుట అరుదు.

ఖాజాగూడ గుట్ట ఎక్కుటకు ఉదయమే అనువు. ఎండ ముదిరినచో రాయి కాలు నిలువనీయదు. ఈ గుట్టను ఆశ్రయించి బాబా ఫఖ్రుద్దీన్ దర్గా, అనంతపద్మనాభస్వామి ఆలయము రెండును కలవు. శిఖరమున నిలిచి చూచినచో నలువైపుల గాజు సౌధములే. ఒకదానిపై ఒకటి నిలిచిన బండలను చూచి, ఎవరో పేర్చినారని పెద్దలును భ్రమపడుదురు. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నేలలోపల ఉన్నప్పుడే పగుళ్లలోనికి నీరు దిగి అంచులను మట్టి చేసినది. ఆ మట్టి వానలకు కొట్టుకొనిపోగా గట్టి భాగము గుండ్రముగా ఉన్నచోటనే మిగిలినది. చెట్టు కూలినచో మరొకటి నాటవచ్చును. బండను పేల్చినచో ఏమి నాటగలము?

గుట్టకు వాయవ్యముగా కంచ గచ్చిబౌలి. అచ్చట సర్వే నంబరు 25లోని 400 ఎకరములు రికార్డులలో 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ'. కంచ యనగా తెలుగున పశువుల మేతభూమి. అస్తబల్ మన ఉర్దూ విద్యార్థులెరిగిన గుర్రపుసాల. ఆ నేల ఎందులకు విడువబడినదో పేరే చెప్పుచున్నదని మా భావము. 2025 మార్చి నెలాఖరున యంత్రములు దిగి సుమారు 100 ఎకరముల చెట్లను కూల్చినవి. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎదిరించిరి. జింకలు, నెమళ్లు, చుక్కల తాబేళ్లు తిరుగు ఆ నేలపై పనులను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసినది.