తడిసిన సరుకు పైన పెట్టే కొట్టుకే మళ్లీ బేరం

విజయవాడ: 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటను ముంచెత్తాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. కిరాణా కొట్లు, టైలర్ షాపులు, మెకానిక్ షెడ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలా మునిగిన కొట్టును మళ్లీ తెరిచే వ్యాపారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. తడిసిన సరుకు ఏం చేయాలి? ఆరబెట్టి మామూలు ధరకే అమ్మేయాలా, ఉన్న సంగతి చెప్పి తగ్గించి ఇవ్వాలా?

కస్టమర్ మళ్లీ మన కొట్టుకే రావడం, రాకపోవడం ఇలాంటి చోటే తేలిపోతుంది.

ధాన్యం కుప్పలో చెయ్యి

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యం కుప్ప దగ్గర ఆగి లోపల చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న కుప్ప లోపల తడిగా తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. మరి జనానికి కనపడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడు మనవాడు కాదని హెచ్చరించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

వాన పడటం వ్యాపారి తప్పు కాదు. దాన్ని కింద దాచడమే తప్పు. మరకపడ్డ బట్టలు, నీళ్లలో నానిన స్టీలు సామాన్లు చెప్పి అమ్ముకోవచ్చు. తినే సరుకు సంగతి వేరు. వరద నీళ్లు తాకిన బియ్యం, పప్పు, పిండి ఎంత తగ్గించినా అమ్మకూడదు.

'వాపసు తీసుకోబడదు' బోర్డు

'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు ఇంకా చాలా కొట్లలో కనిపిస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం వేరే చెబుతోంది. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. కస్టమర్లు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

షరీఅత్‌లో ఈ మాట ఎప్పటినుంచో ఉంది. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చేసే హక్కు కొన్నవాడికి ఉంటుంది. లోపం ఏమీ లేకపోయినా, కొన్నవాడు మనసు మార్చుకుని వస్తే ఒప్పుకుని వెనక్కి తీసుకోవడాన్ని 'ఇఖాలా' అంటారు. అది తప్పనిసరి కాదు కానీ, అలా చేసిన వ్యాపారి పొరపాట్లను అల్లాహ్ మన్నిస్తాడని హదీసు చెబుతోంది.

లెక్క వేసి చూస్తే

ఒక కుటుంబం నెలకు 3,000 రూపాయల కిరాణా కొంటుందనుకుందాం. ఏడాదికి 36,000. అందులో నూటికి పది మిగిలితే 3,600 రూపాయలు. పదేళ్లు వస్తే 36,000 లాభం ఆ ఒక్క ఇంటి నుంచే. పురుగుపట్టిన 250 రూపాయల పప్పు దగ్గర వాదనకు దిగితే పోయేది ఇదంతా. పైగా ఆ ఇంటివాళ్లు పక్కింట్లో, పెళ్లిళ్లలో, మసీదు దగ్గర చెప్పే మాట వల్ల పోయే బేరాలు ఏ లెక్కకూ అందవు.

చెప్పిన రోజుకు

రంజాన్ నెలలో టైలర్ షాపులు కిటకిటలాడతాయి. కుట్టగలిగిన దానికన్నా ఎక్కువ ఆర్డర్లు తీసుకుని, చాంద్ రాత్ నాడు కూడా 'ఇంకో గంట' అని తిప్పితే పిల్లలు పాత బట్టలతోనే ఈద్‌గాహ్‌కు వెళ్తారు. ఆ ఇల్లు మరుసటి ఏడు ఇంకో టైలర్‌ను వెతుక్కుంటుంది. పదిహేనో రోజా తర్వాత ఆర్డర్లు ఆపేసే టైలర్‌కు ఆ నెల కొంత ఆదాయం తగ్గుతుంది. కానీ తర్వాతి ఏడు షాబాన్‌లోనే కస్టమర్లు బట్ట తెచ్చి ఇస్తారు.

ఆటోనగర్ మెకానిక్‌కూ ఇదే వర్తిస్తుంది. పని మొదలుపెట్టే ముందే ఖర్చు ఎంతవుతుందో చెప్పాలి. పెరిగేలా ఉంటే ఫోన్ చేసి అడగాలి. తీసేసిన పాత పార్టును బండి యజమానికి చూపించాలి. గుడివాడ, పామర్రు వైపు వరి కోతల సమయంలో మిషన్ ఒక్కరోజు ఆగితే రైతు గుండె ఆగినట్టే. ఆ రోజు పొలం దాకా వెళ్లి బాగుచేసిన మెకానిక్‌ను ఆ ఊరు మర్చిపోదు.

ఖాతా పుస్తకం రెండు వైపులా

డెల్టాలో పంట చేతికొచ్చాక ఇచ్చే అరువు మామూలే. అప్పు రాసిపెట్టుకోవాలని, ఇబ్బందుల్లో ఉన్నవాడికి గడువు ఇవ్వాలని ఖుర్ఆన్ (2:282, 2:280) చెబుతోంది. అందుకే ప్రతి అరువూ ఇద్దరి ముందే రాయాలి. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపితే సరిపోతుంది. పుస్తకం తడిసినా లెక్క పోదు.

బాధ్యత కొనేవాళ్ల మీద కూడా ఉంది. వీధి కొట్టులో అరువు పెట్టి, చేతిలో డబ్బు పడగానే ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసే ఇళ్లు ముందు ఆ పాత బాకీ తీర్చాలి. వరద తర్వాత మళ్లీ లేచి నిలబడాలని చూసే కొట్టుకు అది పెద్ద సాయం.

రేపు కొట్టు తీసేవాళ్లు ఈ మూడు పనులతో మొదలుపెట్టొచ్చు. వాపసు బోర్డు తీసేసి, ఎన్ని రోజుల్లో తెస్తే మార్చి ఇస్తారో బిల్లు మీద రాయండి. ఫిర్యాదుతో వచ్చినవారిని ముందు కూర్చోబెట్టి పూర్తిగా వినండి. కుర్రాళ్లకు కాటా ముందు తూకం నేర్పండి. తూకంలో తగ్గించేవాళ్లకు వినాశమని చెప్పడానికే ఖుర్ఆన్‌లో ఒక సూరా మొదలైందని, దాని పేరే 'అల్ ముతఫ్ఫిఫీన్' అని వాళ్లకు చెప్పండి.