రీసెర్చ్ గ్రాంటు: ఇక్కడొక లెక్క, ఇండియాలో ఒక లెక్క

మస్కట్‌లో, మేముండే ఘుబ్రా చుట్టుపక్కల కాలేజీ పాఠాలు చెప్పుకునే తెలుగువాళ్ళు కొత్తగా పీహెచ్‌డీ అవగానే నన్నడిగే ప్రశ్న ఒకటే: "మనలాంటి కాంట్రాక్టు లెక్చరర్లకి ప్రభుత్వం రీసెర్చ్‌కి డబ్బులిస్తుందా అండీ?"

ఇస్తుంది. 2005లో ఏర్పడ్డ ఒమన్ రీసెర్చ్ కౌన్సిల్ 2020లో ఉన్నత విద్య, పరిశోధన, ఆవిష్కరణల మంత్రిత్వ శాఖలో కలిసింది. దాని బ్లాక్ ఫండింగ్ పథకంలో అధ్యాపకులకీ, విద్యార్థుల ప్రాజెక్టులకీ వేరువేరు గ్రాంట్లున్నాయి. దరఖాస్తు కాలేజీ ద్వారానే వెళ్ళాలి, డబ్బూ కాలేజీకే వస్తుంది. కాంట్రాక్టు అయిపోతే గ్రాంటు మన వెంట రాదు. అందుకే ఏడాదిలో తేలే చిన్న పనితో మొదలుపెట్టండి.

ఇండియాలో లెక్క వేరు. 2023 చట్టంతో వచ్చిన ఏఎన్ఆర్ఎఫ్, 2024లో ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు ప్రకటించింది. మూడేళ్ళకి 60 లక్షల రూపాయల దాకా ఇస్తారు. అయితే అక్కడ రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి, వయసు 42 దాటకూడదు. కొన్ని వర్గాలకి సడలింపు ఉంది. ఇక్కడ కూర్చుని అప్లై చెయ్యలేం.

"ఇంకో రెండేళ్ళు చూసి వెళ్దాం" అనే మిత్రులకి నా సలహా: జీతంతోపాటు పుట్టినతేదీని కూడా లెక్కలో వేసుకోండి. ఇక్కడ రాసిన పేపర్లు అక్కడా పనికొస్తాయి. దాటిపోయిన వయసు మాత్రం తిరిగి రాదు.