ఆ కారు మునగాలని ఎందుకు అనుకుంటాం?

‘సైకో’ చూడనివాళ్ళకీ అందులో ఒక సీను తెలుసు. షవర్ కింద స్నానం చేస్తున్న అమ్మాయి, పరదా వెనక నీడ, పైకి లేచిన కత్తి. అది తెలిసిపోయాక ఇంకేం చూస్తాంలే అనుకోకండి. అసలు మాయ ఆ సీను అయ్యాకే ఉంది.

1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన సినిమా ఇది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో మేరియన్ అనే ఉద్యోగిని, బ్యాంకులో వేసి రమ్మని యజమాని ఇచ్చిన 40,000 డాలర్లతో కారెక్కి పారిపోతుంది. దారిలో పోలీసు ఆపితే మన గుండె దడదడలాడుతుంది. దొంగతనం ఆవిడది, భయం మనది. కెమెరా ఆవిణ్ణి వదలదు, ఆవిడ కళ్ళతోనే రోడ్డును చూపిస్తుంది. కాబట్టి కథంతా ఈవిడదే, ఈ డబ్బుదే అని కుదురుగా కూర్చుంటాం. పైగా ఆ వేషం వేసింది అప్పటికే పేరున్న జానెట్ లీ. అలాంటి మనిషిని సినిమా సగం కూడా కాకముందే, ఆ షవర్ సీనులో చంపేశాడు హిచ్‌కాక్! మన లెక్కలో ఇంటర్వెల్ కూడా పడలేదన్నమాట. ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకు ఆయన పట్టుబట్టి చెప్పింది అందుకే. ఆలస్యంగా వచ్చినవాడు హీరోయిన్ ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూస్తాడు మరి.

ముప్పావు నిమిషం ఉండే ఆ హత్యకు వారం రోజులు షూటింగ్ చేశారు. రక్తంగా వాడింది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కదా, చెల్లిపోయింది. అక్కడ సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు విన్నాక మనసు మార్చుకున్నాడు.

ఇక అసలు సంగతి. ఆ రాత్రి మేరియన్ బస చేసిన మోటల్ నడిపే నార్మన్ వచ్చి, ఇది తన తల్లి చేసిన పనేనని హడలిపోయి, గది కడగడం మొదలుపెడతాడు. తుడవడం, శవాన్ని పరదాలో చుట్టడం, అన్నీ తీరిగ్గా చూపిస్తాడు దర్శకుడు. పేపర్లో చుట్టి ఉన్న డబ్బు కూడా తెలియకుండానే కార్లోకి విసిరేస్తాడు నార్మన్. కారును బురదగుంటలోకి తోస్తాడు. అది సగం మునిగి ఆగిపోతుంది. నార్మన్ బిక్కచచ్చి చుట్టూ చూస్తాడు. మనం? మునిగిపోతే బాగుండునని ఊపిరి బిగబడతాం. పది నిమిషాల క్రితం దాకా మేరియన్ పక్షాన ఉన్నవాళ్ళం, ఇప్పుడు ఆవిడ శవాన్ని దాచేవాడి పక్షం! ఎప్పుడు మారామో మనకే తెలీదు. ఏ కత్తీ పెట్టనంత భయం నాకు అక్కడే వేసింది.

చివర్లో డాక్టరు ఇచ్చే ఉపన్యాసం మాత్రం సాగదీతే. అది ఓర్చుకోండి, ఆ తర్వాత నార్మన్ ముఖం కోసం. అన్నట్టు, ఆ తల్లి సంగతేమిటని ముందుగా ఎవర్నీ అడక్కండి.