కుందేళ్లు పెంచాలనుకుంటున్నారా? మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసిన విషయాలు

ఆ మధ్య మా చర్మవ్యాధుల ఓపీకి ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను తీసుకుని వచ్చారు. ముగ్గురికీ చేతుల మీద, మెడ మీద గుండ్రటి ఎర్రని మచ్చలు, రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద. రెండు నెలలుగా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తున్నారు. రాసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపితే రెట్టింపు అవుతుంది. అది తామర. "ఇంట్లో జంతువులు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాము. "కుందేళ్లు ఉన్నాయి డాక్టరుగారూ. పిల్లలు ముచ్చటపడితే మూడు తెచ్చాము. ఇప్పుడు ముప్పై దాటాయి" అన్నారు. వాటికి బొచ్చు ఏమైనా రాలుతోందా అని అడిగితే, "ముక్కు దగ్గర, చెవుల దగ్గర రాలుతోంది. ఎండలకేమో అనుకున్నాము" అన్నారు.

కుందేళ్లకూ మనుషులకూ ఒకేసారి వైద్యం జరిగిన తర్వాతే ఆ ఇంట్లో తామర తగ్గింది. వెళ్లేటప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: "వీటిని తీసేయమంటారా?" తీసేయనవసరం లేదని చెప్పాము. అయితే ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని చూసుకోగలిగినన్ని మాత్రమే ఉంచుకోమన్నాము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నదీ అదే.

ఏ కుందేళ్లు పెంచాలి?

పొలాల్లో పరుగెత్తే అడవి కుందేలు, అంటే చెవులపిల్లి, వేరు. మనం పెంచే సీమ కుందేలు వేరు. అడవి కుందేలును పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి పొలంలో దొరికిన పిల్లను ఇంటికి తెచ్చి పెంచకండి.

మన దేశంలో పెంపకానికి ఎక్కువగా వాడే జాతులు న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్. పేరులో న్యూజిలాండ్ ఉన్నా ఆ జాతి తయారైంది అమెరికాలో. తమిళనాడులో కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణ ప్రాంతీయ కేంద్రం కుందేళ్ల మీద పని చేస్తోంది. కానీ అది చల్లటి కొండ ప్రాంతం. మన మైదానాల్లో మొదలుపెట్టేవారు ఇక్కడి వేసవిని ఒకసారైనా తట్టుకున్న కుందేళ్లను కొనడం మంచిది.

ఎన్నింటితో మొదలుపెట్టాలి?

రెండు ఆడవి, ఒక మగది చాలు. ఈ మూడింటికీ రక్తసంబంధం ఉండకూడదు. తక్కువే కదా అనుకోకండి. ఒక్కో ఈతకు ఆరు పిల్లల చొప్పున, ఏడాదికి నాలుగు ఈతలు వేసుకున్నా రెండు ఆడవాటికి 48 పిల్లలు అవుతాయి. వాటిని ఎక్కడ ఉంచుతారు? ఎవరికి ఇస్తారు? ఇది మొదటి జత కట్టించక ముందే ఆలోచించుకోవాలి.

"మీరు పెంచండి, పిల్లలన్నిటినీ మేమే కొంటాము" అని చెప్పి ఎక్కువ ధరకు కుందేళ్లను, బోనులను అంటగట్టేవారు ఉంటారు. ఆ మాట నమ్మి బంగారం కుదువపెట్టకండి, అప్పు చేయకండి. మీ ఊరిలో, చుట్టుపక్కల నిజంగా కొనేవారు ఎవరో మీరే వెళ్లి కనుక్కోండి. మాంసానికి అమ్మదలిస్తే అందుకు వర్తించే నిబంధనలేమిటో పశుసంవర్ధక శాఖ వారిని ముందుగానే అడగండి.

కొనేటప్పుడు ఏమి చూడాలి?

అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో కుందేళ్ల ప్రదర్శనలు పెద్ద ఎత్తున జరుగుతాయి. అమెరికాలోని రాబిట్ బ్రీడర్స్ సంఘం 1910లో మొదలైంది. ఏ జాతి కుందేలు ఎంత బరువుండాలి, ఏ ఆకారంలో ఉండాలి అని వారు ఒక ప్రమాణ గ్రంథం ప్రచురిస్తారు. అక్కడ పోటీకి వచ్చే ప్రతి కుందేలుకూ ఎడమ చెవిలో పచ్చబొట్టు నంబరు ఉండాలి. బ్రిటన్‌లో అయితే కాలికి ఉంగరం వేస్తారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు బడి స్నేహితులతో కలిసి ఇలాంటి ప్రదర్శనలకు వెళ్లాలనుకుంటే, ముందు తెలుసుకోవలసినవి ఈ నియమాలే.

ఆ ప్రదర్శనల్లో న్యాయనిర్ణేత కుందేలును బల్ల మీద పెట్టి ముక్కు నుంచి తోక దాకా చేతితో తడిమి చూస్తారు. పళ్లు సరిగా కలవకపోయినా, ముక్కు కారుతున్నా, చెవిలో గజ్జి ఉన్నా ఎంత అందమైన కుందేలునైనా పోటీ నుంచి తీసేస్తారు. మనం ఏ ప్రదర్శనకూ వెళ్లకపోయినా ఈ పరీక్ష నేర్చుకోవాలి. కొనేటప్పుడు ఒకసారి, తర్వాత వారానికొకసారి ఇలా చూడండి:

1. కళ్లు: మెరుస్తూ ఉండాలి. నీరు, పుసి ఉండకూడదు.
2. ముక్కు: పొడిగా ఉండాలి. ముందుకాళ్ల లోపలి వైపు బొచ్చు అట్టకట్టి ఉంటే అది కారే ముక్కును కాళ్లతో తుడుచుకుంటోందని అర్థం.
3. పళ్లు: పై పళ్లు కింది పళ్ల మీద కొంచెం ముందుకు వచ్చి కలవాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కలవకపోతే అరగవు, మేత తినలేదు. ఇది వంశపారంపర్యంగా వచ్చే అవకాశం ఉంది కనుక అలాంటిదాన్ని ఈతకు వాడవద్దు.
4. చెవులు: లోపల గోధుమరంగు పక్కులు ఉంటే గజ్జి.
5. చర్మం: బొచ్చు ఊడిన మచ్చలు, పొట్టు ఉండకూడదు.
6. పాదాలు: వెనక కాళ్ల అడుగున పుండ్లు ఉండకూడదు.
7. తోక కింద: శుభ్రంగా, పొడిగా ఉండాలి.

ఎత్తేటప్పుడు చెవులు పట్టుకుని ఎత్తకండి. ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తాలి. వెనక భాగానికి ఆసరా లేకపోతే అది గట్టిగా తన్నుకుని వెన్నెముక విరగ్గొట్టుకుంటుంది.

బోను, ఎండ

పెద్ద కుందేలుకు కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బోను ఒక్కొక్కటి కావాలి. ఈనేదానికి ఇంకొంచెం పెద్దది ఉండాలి. పెంటికలు, మూత్రం కిందికి పడిపోయేలా అడుగున జాలీ వేయించండి. కాళ్లు పుండ్లు పడకుండా ఒక మూల చెక్క ముక్క పెట్టండి. కుక్కలు, పిల్లులు, పాములు చేరకుండా బోను నేల నుంచి ఎత్తులో ఉండాలి.

మన ప్రాంతంలో కుందేలుకు ఎండను మించిన శత్రువు లేదు. దానికి మనలాగా చెమట పట్టదు. ఒంటిలోని వేడి ఎక్కువగా చెవుల ద్వారానే పోతుంది. 35 డిగ్రీలు దాటితే ప్రాణానికే ప్రమాదం. బతికినా మగది కొన్ని వారాల పాటు పిల్లలను కనే శక్తి కోల్పోతుంది. రేకుల షెడ్డులో పెట్టకండి. తాటాకు కప్పు, చెట్టు నీడ, చుట్టూ తడి గోనెపట్టాలు, ఎప్పుడూ చల్లటి నీరు ఉండాలి. మార్చి నుంచి జూన్ దాకా ఈతలు ఆపేయడం మేలు.

మేత

ముఖ్యమైన మేత గడ్డి. పీచు లేకపోతే కడుపు పనిచేయదు. పచ్చగడ్డి, ఎండుగడ్డి, లూసర్న్, దశరథ గడ్డి, అవిశ ఆకు మంచివి. వీటికి తోడు రోజుకు వంద గ్రాముల వరకు దాణా చాలు. అన్నం, రొట్టె, బిస్కెట్లు పెట్టకండి. తడి గడ్డి, బూజు పట్టిన దాణా ప్రాణం తీస్తాయి. రాత్రివేళ, తెల్లవారుజామున కుందేలు తన మెత్తటి పెంటికలను తానే తింటుంది. అది జబ్బు కాదు. అందులోని పోషకాలను రెండోసారి జీర్ణం చేసుకునే పద్ధతి అది.

జత కట్టించడం, ఈత

ఆడదానికి ఆరు నెలలు, మగదానికి ఏడెనిమిది నెలలు నిండాలి. ఎప్పుడూ ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. మగదాన్ని తన బోనులోకి తెస్తే ఆడది పైబడి కరుస్తుంది. జత కట్టిన తేదీ నోటు పుస్తకంలో రాసుకోండి. చూడి కాలం 30 నుంచి 32 రోజులు.

28వ రోజున గూడు పెట్టె పెట్టి అందులో మెత్తటి ఎండుగడ్డి వేయండి. తల్లి తన బొచ్చు పీకి దానిలో పరుస్తుంది. పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. కళ్లు తెరవడానికి పది, పన్నెండు రోజులు పడుతుంది. తల్లి రోజుకు ఒక్కసారి, అదీ నాలుగైదు నిమిషాలే పాలిస్తుంది. ఇది తెలియక "తల్లి వదిలేసింది" అని పిల్లలకు ఆవుపాలు పట్టి చంపుకునేవారు ఉన్నారు. పిల్లల పొట్టలు గుండ్రంగా నిండి ఉంటే పాలు అందుతున్నట్టే. నాలుగు నుంచి ఆరు వారాలకు పాలు మాన్పించవచ్చు. మూడు నెలలు నిండేలోగా ఆడ, మగ పిల్లలను వేరు చేయకపోతే లెక్క మీ చేయి దాటిపోతుంది.

మన మందులు వాటికి వేయకండి

ఆసుపత్రి వారిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాము. మీకు రాసిచ్చిన ఆమాక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్ క్యాప్సూళ్లు మిగిలితే కుందేలు నోట్లో పోయకండి. అవి దాని పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపేస్తాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే చనిపోవచ్చు. కుక్కల పిడుదులకు కొట్టే ఫిప్రోనిల్ మందు కూడా కుందేలుకు విషమే. గజ్జి, తామర, రక్త విరేచనాలు, ముక్కు కారడం, ఏది కనిపించినా ఆ కుందేలును వేరుగా పెట్టి పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. పన్నెండు గంటలు మేత ముట్టకపోతే అది అత్యవసరమే.

ఇంట్లో వారి ఆరోగ్యం

కుందేళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. చిన్నపిల్లల చేత ఇది తప్పక చేయించండి. బోను పడకగదిలో, వంటింట్లో పెట్టకండి. మూత్రం వాసన, గడ్డి దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి మంచివి కావు. వారు బోను శుభ్రం చేయకూడదు. కరిచినా, గీరినా ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి రండి. టెటనస్ ఇంజెక్షను అవసరమో లేదో చూస్తాము.

చర్మం మీద గుండ్రటి మచ్చ కనిపిస్తే షాపులో అడిగి ట్యూబు కొనకండి. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. అది దురదను అణచి తామరను పెంచుతుంది. డాక్టరుకు చూపించి, "మా ఇంట్లో కుందేళ్లు ఉన్నాయి" అని మీరే ముందుగా చెప్పండి. వారాల తరబడి వాడమన్న మందును మచ్చ తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి.

మేము మొదట చెప్పిన ఆ ఇంట్లో ఇప్పుడు ఐదు కుందేళ్లే ఉన్నాయి. ప్రతి ఆదివారం సాయంత్రం పెద్ద పిల్లవాడు ఒక్కొక్కదాన్ని బల్ల మీద పెట్టి కళ్లు, ముక్కు, పళ్లు, చెవులు చూస్తాడు. వాళ్ల చెల్లి నోటు పుస్తకంలో రాస్తుంది. పోయినసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం కూడా తెచ్చారు. పిల్లల చేతుల మీద ఒక్క మచ్చ లేదు.