సూపర్‌కంప్యూటింగ్‌కు ల్యాప్‌టాప్‌తోనే తొలి అడుగు!

ఎనిమిది కోర్లు వాడినా ప్రోగ్రామ్ ఎనిమిది రెట్లు వేగంగా ఎందుకు నడవదు? హై పర్ఫార్మెన్స్ కంప్యూటింగ్, అంటే హెచ్‌పీసీ కొలువులపై కన్నేసినవాళ్లు ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. వాతావరణ అంచనాలు, ఔషధ పరిశోధన, ఏఐ మోడళ్ల శిక్షణ.. వీటన్నింటికీ హెచ్‌పీసీ కావాలి. 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లోనూ ‘పరమ్ సేవ’ ఏర్పాటైంది. అలాంటి మెషిన్ చేతికందేదాకా ఆగక్కర్లేదు. పునాది ఇంట్లోనే వేసుకోవచ్చు.

లినక్స్‌తో మొదలు

టాప్‌500 జాబితాలోని సూపర్‌కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. అందుకే మౌస్ పక్కనపెట్టి కమాండ్లతో పనిచేయడం అలవాటు చేసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్, షెల్ స్క్రిప్ట్, గిట్ వచ్చి తీరాలి. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుంటే చాలు.

వంతు వచ్చేదాకా ఆగాలి

క్లస్టర్‌లో అందరూ లాగిన్ అయ్యే నోడ్ వేరు, లెక్కలు చేసే నోడ్లు వేరు. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎంతసేపు కావాలో స్క్రిప్ట్‌లో రాసి స్లర్మ్ లాంటి షెడ్యూలర్‌కు ఇవ్వాలి. వంతు రాగానే అదే నడిపిస్తుంది. ఇది తెలియక నేను మొదటిరోజే లాగిన్ నోడ్‌లో పెద్ద ప్రోగ్రామ్ నడిపేశా. అందరి పనీ నెమ్మదించింది. నా అకౌంట్ రెండ్రోజులు ఆపేశారు!

పని పంచడం నేర్చుకోండి

సీ++ వస్తే ముందు ఓపెన్‌ఎంపీ పట్టుకోండి. ఒకే మెషిన్‌లోని కోర్ల మధ్య పని పంచుతుంది. వేర్వేరు మెషిన్లు కలిసి పనిచేయడానికి ఎంపీఐ, ఎన్విడియా జీపీయూలకు క్యూడా తర్వాత చూడొచ్చు.

పెద్ద మ్యాట్రిక్స్‌లను గుణించే ప్రోగ్రామ్ రాసి 1, 2, 4, 8 థ్రెడ్లతో నడపండి. ప్రతిసారీ జవాబు సరిచూసుకుని, పట్టిన సమయం రాసుకోండి. వేగం ఒకచోట ఆగిపోతుంది. పెళ్లివంటలో పదిమంది కూరలు తరిగినా పొయ్యి ఒక్కటే అయితే ఏమవుతుంది? ఇక్కడా అంతే. ప్రోగ్రామ్‌లో 5 శాతం పని పంచడానికి వీల్లేనిదైతే, వేల కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. దీన్నే ఆమ్‌డాల్ సూత్రం అంటారు. మెమరీ నుంచి డేటా వచ్చేదాకా కోర్లు ఖాళీగా ఎదురుచూడటం మరో కారణం.

ఆ కోడ్, గ్రాఫ్, వేగం ఎందుకు ఆగిందో మీ విశ్లేషణ.. మూడూ గిట్‌హబ్‌లో పెట్టి రెజ్యూమేలో లింక్ ఇవ్వండి. ఇంటర్వ్యూలో ఎనిమిది కోర్ల ప్రశ్న వస్తే, మీరు సొంతంగా కొలిచిన లెక్కలతోనే జవాబు చెప్పొచ్చు.